రాజుకు మతి తప్పింది

మా ఇంట్లో చెడ్డ కబురు ఎప్పుడూ కడుపు నిండాకే చెబుతారు. మా నాన్న పోయిన రోజు మా అత్త ఈరమ్మ పక్కన కూర్చుని మరీ నాకు తినిపించి, చెయ్యి కడుక్కున్నాక అసలు సంగతి చెప్పింది. మంచి మనసుతోనే చేసింది, కాదనను. కానీ అప్పటి నుంచి ఎవరైనా నన్ను బతిమాలి తినమంటే గుండె దడదడలాడుతుంది.

ఆ ఆదివారం వనపర్తిలో మా అద్దె ఇంట్లో జొన్న రొట్టెలు చేస్తున్నాను. నా భర్త రాజ్‌కుమార్ పుణెలో బిల్డింగు పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో అందరికీ రాజు. మొన్నటి నుంచి ఫోను ఎత్తడం లేదు. ఛార్జింగు లేదేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. ముందు గదిలో మా ఆడబిడ్డ శ్రుతి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. ఇక్కడే చరిత్రలో ఎం.ఏ. చదువుతోంది. గొంతు తగ్గించడం ఆ పిల్లకు చేతకాదు.

"రాజుకు మతి తప్పింది. పొద్దుగాలకెల్లి ఒక్కతీరుగ మాట్లాడుతనే ఉన్నడు, నోట్లకెల్లి నురగ వచ్చేదాక."

రొట్టె పెనం మీదే మాడిపోయింది.

"చేతులు కాళ్లు కట్టి కుర్చీల కూసోబెట్టిండ్రు. భార్యను దగ్గరికి రానియ్యలే. పాపం, ఆమె మస్తు పరేషాన్."

ఆమె అంటే నేనే కదా. పొయ్యి గట్టు పట్టుకున్నాను. నా మొగుడు నాలుగు అడిగితే ఒకటి చెప్పే మనిషి. అలాంటివాడు నురగ వచ్చేదాకా మాట్లాడాడంటే తలకు ఎంత దెబ్బ తగిలిందో! ఎవరు కట్టేశారో! వెళ్లి అడుగుదామంటే భయం. అడగనంతసేపూ అది నిజం కాదన్నట్టు అక్కడే నిలబడ్డాను.

శ్రుతి వంటింట్లోకి వచ్చి నా మొహం చూసింది.

"ఏంది వదినా, గట్లున్నవ్? పొద్దటి సంది ఏం తినలే. ముందు జర తిను."

పెనం మీది రొట్టె, తొక్కు పెట్టి పళ్లెం చేతికిచ్చింది. అంతే, నాకు ఖాయమైపోయింది. పళ్లెం కింద పెట్టేశాను.

"తినను. మీ అన్నను యాడ కట్టేసిండ్రో చెప్పు. ఆ తాళ్లు నేనే ఇప్పుత. ఎవడడ్డమొస్తడో చూస్త!" అని అరిచి, ఏడ్చేశాను.

ఆ పిల్ల బిక్కమొహం వేసింది. తర్వాత ఉరికి ముందు గదిలోంచి లావుపాటి పుస్తకం తెచ్చింది. అట్ట మీద ఎర్ర కోటు దొర.

"ఈ రాజు వదినా! మూడో జార్జి, ఇంగ్లండు రాజు. ఈయన జీవితచరిత్ర మీద రేపు క్లాసుల మాట్లాడాలె. సచ్చి రెండొందల ఏండ్లాయె!"

నవ్వాలో దానికి రెండు తగిలించాలో తెలియలేదు. ఎక్కడి దొర, ఎక్కడి నా రొట్టె!

"మరి ఆయన పెండ్లాం ఏం జేసింది?" అనడిగాను కళ్లు తుడుచుకుంటూ.

"ఆఖరుకు ఆమెకే భయమైంది. వేరే గదిల పండుకునేదంట."

ఆవిడను తప్పు పట్టబుద్ధి కాలేదు. తాళ్లు విప్పుతానని అరిచినప్పుడు నేనూ వణుకుతూనే ఉన్నాను.

అప్పుడే ఫోను మోగింది. రాజు.

"స్వరూపా, తిన్నవా?"

"ఇంకా లేదు."

"ముందు తిను. తిన్నంక ఒక మాట చెప్త."

పోయిన భయమంతా మళ్లీ వచ్చి మీద పడింది. గోడకు ఆనుకున్నాను.

"తినను. ఇప్పుడే చెప్పు."

అటు నుంచి బస్సు హారను మోత వినిపించింది.

"పని పోయింది. మేస్త్రీతోని లొల్లయింది. నీకెట్ల చెప్పాల్నో తెల్వక ఫోన్ ఎత్తలే. బస్సెక్కిన, ఇంటికొస్తున్న."

"గంతేనా?"

"గంతేనా అంటవేందే? పని పోయిందంటున్న!"

"నిన్ను ఎవరూ కట్టెయ్యలే గదా?"

"నన్నెవలు కట్టేస్తరు? నీకేమన్న మతి తప్పిందా?"

"అవును, తప్పింది. నువ్వు జల్ది రా" అన్నాను. పళ్లెం దగ్గరికి లాక్కుని, మాడిన రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను.