ఫోటోలు దించిన ఇల్లు

అబద్ధం వాసన ఎజెల్ టాలివర్ ముక్కుకు తగిలినంత తొందరగా షికాగో దక్షిణపు పేటల్లో మరే ముక్కుకూ తగలదు, అబద్ధమాడేవాడు రెండు వీధుల అవతల బస్సు దిగుతుండగానే ఇక్కడ ఈయనకు తుమ్ము వస్తుంది, ఒకసారి ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి చర్చి మెట్ల మీద ప్రసంగం మొదలుపెడితే ఎజెల్ తుమ్మిన తుమ్ముకు పాదిరిగారి టోపీ ఎగిరి చెట్టెక్కి కూర్చుందని బార్బర్ షాపులో ఇప్పటికీ చెప్పుకుంటారు, అంటే ఎజెల్ చెబుతాడు, వాళ్ళు వింటారు, అలాంటి ముక్కున్న మనిషి ఇవాళ పట్టపగలు సొంత ఇంటికి ఎదురుగా, సొంత కారులో, టోపీ కళ్ళ మీదికి లాక్కుని దొంగలా నక్కి కూర్చోవలసి వచ్చింది, పక్క సీటులో నాయనమ్మ ఐడెల్లా, అంటే ఐడెల్లా ఫోటో, బరువైన చెక్క ఫ్రేములో, పెళ్ళాం వర్లీన్ దానికి సీటు బెల్టు కూడా పెట్టి మరీ వెళ్ళింది, ముసలావిడ పోయి ఎన్నేళ్ళయినా ఆ చూపు మాత్రం పోలేదు, ఏరా, మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయించావా అన్నట్టు చూస్తోంది, నేను కాదే, నీ మనవడి పెళ్ళామే, అన్నీ ఆవిడ ఏర్పాట్లే అని మనసులోనే సంజాయిషీ చెప్పుకున్నాడు, వెనక సీటు నిండా పెళ్ళి ఫోటో, సైనికుడి దుస్తుల్లో కొడుకు, చర్చి విసనకర్రలు, వర్లీన్ తలకు రాసుకునే నూనె సీసాలు, నల్లవాళ్ళ చరిత్ర అని అట్టమీద రాసున్న పుస్తకాలన్నీ, ఇంటికి వెల కట్టే మనిషి వస్తున్నాడంటే ఈ పేటలో అందరూ చేసే పనే ఇది, కొంపలో నల్లవాళ్ళుంటున్నారన్న ఆనవాలు ఒక్కటీ లేకుండా దించేసి, ఒక తెల్లముఖాన్ని గుమ్మంలో నిలబెట్టడం, దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు, పండగకు ముందు ఇల్లు కడుక్కున్నట్టు చేసేస్తారు.

ఆ తెల్లముఖం డోరీన్, వర్లీన్‌తో ఆసుపత్రి లాండ్రీలో కలిసి పనిచేసిన మనిషి, మంచిదే, కానీ పొద్దున్న వచ్చీ రాగానే చంకలోని సంచీలోంచి తన వాళ్ళ ఫోటోలు తీసి గోడకు తగిలించేసింది, ఎర్రజుట్టు మేనల్లుళ్ళు, ఒకడి చేతిలో చేప, ఇంకొకడి చేతిలో ఇంకా పెద్ద చేప, ఐడెల్లా ఉన్నచోట చేపలు, కంగారుపడకు ఎజెల్, ఏళ్ళ తరబడి ఈ ఇంట్లో పేకాట ఆడుతున్నా, ఏ చెక్క మీద అడుగేస్తే కిర్రుమంటుందో నాకు తెలుసు అంది, ఎందుకు తెలియాలి ఈవిడకు, సొంత ఇంటిదానిలా ఏ చెక్క కిర్రుమంటుందో ఎందుకు లెక్క పెట్టుకుంది, నా వంటిల్లు, నా కిటికీలు అని ఎంత సులువుగా అనేస్తోంది, నాలుక ఒక్కసారైనా తడబడలేదు, రేపు కాగితాల మీద కూడా ఇలాగే అనేస్తే, ఛీ, పాపం ఆ మనిషి సెలవు పెట్టుకుని వచ్చింది, పైగా తిండి కూడా తనే తెచ్చుకుంది, ఎందుకు తెచ్చుకుంది, మా తిండి తినకూడదా, ఇదీ వరస, ఈ మనసుకు ఒక్క కూడలి కూడా తిన్నగా దాటడం రాదు, అయినా తప్పు ఆవిడది కాదు, ఫోటోలు దించాక గోడ కాగితం మీద ఆ చదరాలు బయటపడ్డాయి చూడు, చుట్టూ ఎండకు వెలిసిపోయి, ఫోటోల కిందిది మాత్రం కొత్తగా గులాబీ రంగులో, డోరీన్ ఫ్రేములేమో చిన్నవి, ఎంత సర్దినా నాలుగువైపులా గులాబీ అంచు మిగిలింది, అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉంది గోడ, ఎవడు చూసినా ఇక్కడెవరో ఉండేవాళ్ళని తెలిసిపోతుంది, వర్లీన్‌తో అంటే, నువ్వు నోర్మూసుకుని కారెక్కు పెద్దమనిషీ, నీ గొంతు వినబడితే ఈసారీ సగానికి సగం పోతుంది అంది.

పోతుంది, నిజమే, కిందటిసారి వచ్చినవాడు తెల్లవాడు, మర్యాదస్తుడు, గుమ్మంలో బూట్లు తుడుచుకున్నాడు, ఐడెల్లా ఫోటో దగ్గర ఆగి మీ కుటుంబమా అని నవ్వాడు, ఆ నవ్వు ఖరీదు తరవాత తెలిసింది, రైలు పట్టాల అవతల ఇదే మేస్త్రీ కట్టిన ఇదే ఇటుక ఇల్లు, ఇవే మెట్లు, ఇదే మూడు కిటికీల ముఖం, దానికి పలికిన వెలలో సగం రాసిపోయాడు ఈ ఇంటికి, చుట్టుపక్కల ఇళ్ళు అంతే పలికాయట, ఎవరు పలికించారు, వీళ్ళే, పోయినేడు వీళ్ళు తక్కువ రాశారు కాబట్టి ఈ ఏడూ తక్కువే రాస్తారు, ఆ సగం వెల మీద కొత్త లోను రాదు, కొత్త లోను రాకపోతే పాత లోను తీరదు, పాత లోను తీరకపోతే ఎండాకాలం లోపల ఇల్లు బ్యాంకువాడిది, ఇంతే సంగతి, చిన్నపిల్లకైనా అర్థమవుతుంది, ఇక ఆ పాత లోను ఎలా వచ్చిందంటే, ఆ ముక్కు సంగతి ఇందాక చెప్పుకున్నాం కదా, పాపం దానికి ఆ రోజు జలుబు చేసి ఉండాలి, తళతళలాడే బూట్లతో ఆ బ్యాంకు ఏజెంటు వచ్చాడు, మన చర్చివాడే, మన రంగువాడే, బ్రదర్ టాలివర్ అంటూ వర్లీన్ చేసిన మొక్కజొన్న రొట్టె మూడుసార్లు వడ్డించుకుని, వంట గురించి, వాన గురించి, దేవుడి గురించి మాట్లాడి, మధ్యలో సంతకం పెట్టించుకుపోయాడు, తుమ్ము కాదు గదా, ముక్కు చివర దురద కూడా పుట్టలేదు, నవ్వొస్తుంది తలుచుకుంటే, షికాగోలో అంత ముక్కు లేదని డప్పు కొట్టుకునే మనిషి మూతి తుడుచుకుని, పెన్ను నాదగ్గరుంది లెండి అని తనే పెన్ను అందించాడు, వడ్డీ రెండేళ్ళు పిల్లికూనలా ఒళ్ళో పడుకుంది, మూడో ఏడు పులై లేచింది, ఆ తరవాత గ్యారేజీలో స్టాన్ చెప్పాడు, పక్కపక్కనే బస్సుల కింద దూరి పనిచేసినవాళ్ళం, అదే జీతం, అవే నూనె మరకలు, తెల్లవాడు కాబట్టి స్టాన్‌కు అదే బ్యాంకు మామూలు లోనిచ్చింది, పులి లేని లోను, అదేంటి ఎజెల్, నీకా రకం చూపించనే లేదా అని స్టాన్ నిజంగా ఆశ్చర్యపోయాడు, ఆ ఆశ్చర్యం చూసి ఎజెల్‌కు వడ్డీ కంటే ఎక్కువ మంటెత్తింది.

నాన్నకైతే ఆ పులి లోను కూడా ఇవ్వలేదు, మిసిసిపీ పల్లె నుంచి వచ్చిన నల్లవాడికి ఏ బ్యాంకు తలుపు తీసింది గనక, నెలనెలా కడుతూ ఉండు, ఆఖరి డాలరు దాకా ఇల్లు నాదే అన్న ఒక దళారి దగ్గర కొన్నాడు, అమ్మ ఆసుపత్రిలో ఉన్న నెల ఒక్కటి తప్పింది, ఒక్కటంటే ఒక్కటి, మంచులో సామాను వీధిలోకి వచ్చి పడింది, మంచాలు, గిన్నెలు, అమ్మ కుట్టుమిషను, ఎజెల్ దాని మీదెక్కి గుర్రం ఆట ఆడుతుంటే నాన్న తిట్టలేదు, కొట్టలేదు, దాని మీద పడుతున్న మంచును చేత్తో తుడుస్తూనే ఉన్నాడు, తుడుస్తూనే ఉన్నాడు, అదిగో, కారు, వచ్చింది.

నీలం కారు, ఇంటి ముందు ఆగింది, తలుపు తెరుచుకుంది, ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కొలత పెట్టె, నలభై ఏళ్ళ మనిషి, నల్లవాడు, అయ్యో, వీడా, వీడిని పంపారా, సరిపోయింది, వీడికేం తెలుసు, తెలిసినా వీడు రాసింది పైవాళ్ళు ఒప్పుకుంటారా, పైవాళ్ళకు భయపడి ఇంకో నాలుగు డాలర్లు తగ్గించే రాస్తాడు, లేకపోతే ఇది వల, మనం డోరీన్‌ను నిలబెడతామని ఎవడో ఉప్పందించి ఉంటాడు, అతను మెట్లెక్కాడు, డోరీన్ తలుపు తీసింది, ఆమె ముఖం క్షణంసేపు ఎన్నికల పెద్దమనిషి ముఖంలా అయిపోయింది, రండి, రండి, ఇదే నా ఇల్లు, కిటికీలోంచి కనబడుతోంది, అతను గోడ ముందు ఆగాడు, చేపల ముందు, చాలాసేపు, తల కొంచెం పక్కకు వంచి, గులాబీ అంచును వేలితో చూపించలేదు గానీ చూపుతో చుట్టూ గీత గీశాడు, అయిపోయింది, కనిపెట్టేశాడు, ఫోను మోగింది, వర్లీన్, పక్కింటి పెటిగ్రూగారమ్మ వంటింటి పరదా వెనక నుంచి, గుసగుసగా, చూశావా, మనవాడే వచ్చాడు, ఎజెల్ అన్నాడు, చూశాను, అదే నా భయం, అవతల పెటిగ్రూగారమ్మ ఏమిటట, ఏమిటట అని అడగడం వినబడుతోంది, ఏమన్నావ్, మళ్ళీ అను అంది వర్లీన్, నీకు తెల్లవాడు రావాలని ఉందా అంది, కిందటిసారి తెల్లవాడే కదా వచ్చి మన ఇంటిని సగానికి కోసి పోయింది, ఎజెల్ అన్నాడు, మరి ఆ తళతళ బూట్లవాడు, వాడు మనవాడే కదా, ఓహో అంది వర్లీన్, మనవాడొకడు ముంచితే మనవాళ్ళందరూ దొంగలు, వాళ్ళవాడొకడు ముంచితే వాళ్ళవాడినే ఇంకొకణ్ణి పంపమని దేవుడికి దండం, బావుందయ్యా లెక్క, బ్యాంకువాడికి నువ్వే నేర్పినట్టున్నావ్, ఠక్కున పెట్టేసింది.

ఐడెల్లా చూస్తోంది, నువ్వటు తిరగవే అన్నాడు ఎజెల్, ఫోటో ఎటు తిరుగుతుంది, అతను బయటికి వచ్చాడు, అరుగు పొడవు కొలిచాడు, చూరు చూశాడు, ఇటుకల మీద అరచెయ్యి ఆనించాడు, గుర్రాన్ని నిమిరినట్టు, కిందటివాడు ఇటుకను ముట్టుకోనేలేదు, ఈ మనిషి వంగి పునాది దాకా చూస్తున్నాడు, పని వచ్చినవాడి నడుము ఎలా వంగుతుందో ఎజెల్‌కు తెలుసు, బస్సుల కింద గడిపిన బతుకు కదా, కారు దిగి వెళ్ళి ఇల్లు నాది అని చెప్పేస్తే, ఎండాకాలం గుర్తొచ్చింది, కుట్టుమిషను మీది మంచు గుర్తొచ్చింది, కూర్చున్నాడు, ఇప్పుడతను వీధి దాటి ఇటే వస్తున్నాడు, ఫోను ఎత్తి వీధి ఫోటో తీశాడు, అందులో ఈ కారు, ఈ టోపీ, సీటు బెల్టుతో ఐడెల్లా అన్నీ పడే ఉంటాయి, వచ్చి అద్దం మీద వేలితో తట్టాడు, ఎజెల్‌ను చూశాడు, ఐడెల్లాను చూశాడు, ఆ నుదురూ ఈ నుదురూ ఒకటేనని గుడ్డివాడికైనా తెలుస్తుంది, వెనక సీటు వైపు చూసి, మా అమ్మ కూడా మమ్మల్ని ఇలాగే కారులో దాచేదండీ, గోడ మీది మచ్చలు నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే, నేను ఇంటినే కొలుస్తాను, మీ వెల నేను తగ్గించను అన్నాడు, తరవాత మెల్లగా అడిగాడు, మరి మీరు, పెద్దాయనా, నేను కారు దిగగానే నా వెల ఎంత తగ్గించారు.

నీలం కారు మలుపు తిరిగి వెళ్ళిపోయింది, అతను ఎంత రాస్తాడో వచ్చే వారం గానీ తెలియదు, సగమే రాయవచ్చు, మొత్తం రాయవచ్చు, అది వాళ్ళ చేతిలో ఉంది, చేతిలో లేనిదాన్ని అనుమానిస్తూ ఇంతకాలం బతికాడు ఎజెల్, బార్బర్ షాపులో మాత్రం ఈ ప్రశ్న చెప్పి తీరాలి, అతనలా అడిగాడంటే కుర్చీలన్నీ ఒక్కసారి ఇటు తిరుగుతాయి, అయితే వాళ్ళకు చెప్పని సంగతి ఒకటుంది, ఐడెల్లాకు చెప్పవచ్చు, ఆమె ఎవరికీ చెప్పదు, అతను వాళ్ళమ్మ గురించీ మాట్లాడలేదు, వెల గురించీ అడగలేదు, ఎండగా ఉంది సార్, అద్దం కాస్త దించుకోండి అన్నాడు, అంతే, ఆ ప్రశ్న ఎజెల్ కల్పించుకున్నది, జవాబు మాత్రం కల్పించుకోవలసిన పని లేకపోయింది, ఆ మనిషి కారు దిగి ఒక్క అడుగైనా వేయకముందే, ఎవరూ చెప్పకుండానే, సగానికి సగం.