కడలిపువ్వు కదులుతుందా

భర్త ఆంబ్రోస్ కావ్యానికి సాఫుప్రతి ఎత్తిరాస్తున్న లవీనియా నాలుగో సర్గ దగ్గర ఆగింది. ఇంగ్లండంతా పరిణామవాదం మీద వాదులాడుకుంటున్న రోజులవి. బురదలోని పురుగు నుంచి మగవాడి దాకా సృష్టి మెట్లెక్కిన వైనం ఆంబ్రోస్ కావ్యవస్తువు. ఈ సర్గలో స్త్రీ మగవాడికి ఒక మెట్టు కింద ఆగిపోయింది. రాతిని అంటుకుని పువ్వులా విచ్చుకునే సముద్రజీవి కడలిపువ్వులాగా, అందంగా, కదలకుండా.

"అది కదులుతుందండీ," అంది.

డెవన్ తీరంలో ఆటు వేళ రాళ్ళగుంటల్లో వెతికి ఆ జీవిని తెచ్చింది ఆమే. వంటింటి వెనక గాజుతొట్టిలో పెంచుతోంది. "వారంలో నాలుగంగుళాలు నడిచింది. కొలిచాను."

"కవిత్వానికి అంగుళాలెందుకు? ఉన్నది ఉన్నట్టు రాయి."

రాసింది. పదకొండేళ్ళుగా రాస్తూనే ఉంది. పురుగుల రెక్కల రంగు, పిట్టలు గూడు అల్లే తీరు ఆమె చూసి చెప్పేది. కావ్యంలోకి చేరేసరికి అవి ఆయన చూసినవయ్యేవి. ఒకసారి ఆ మాట నోరు జారితే అత్తగారు తేలిగ్గా నవ్వేసింది. "మీ మామగారి చర్చి ప్రసంగాలు సగం నేనే రాశానమ్మాయ్. ఎవరికైనా చెప్పానా?" ఆ నవ్వులో గర్వం ఎంతో, కడుపుమంట ఎంతో లవీనియాకు అంతుపట్టలేదు.

గురువారం సాయంత్రం టీకి పదిమంది వచ్చారు. ఆంబ్రోస్ నాలుగో సర్గ చదివాడు. చప్పట్లయ్యాక, గవ్వలు సేకరించే ముసలి డాక్టర్ ట్రెలోర్ గొంతు సవరించుకున్నాడు.

"కడలిపువ్వు కదలదని రాశారు. మీరు చూశారా?"

ఆంబ్రోస్ అలవాటుగా భార్య వైపు చూశాడు. మామూలుగా అయితే ఆమె మెల్లగా అందించేది, ఆయన పైకి అనేవాడు. ఈసారి ఆమె టీ కూజా బల్లమీద పెట్టి, డాక్టరుకే జవాబు చెప్పింది.

"కదులుతుంది. నా దగ్గర మూడు నెలల లెక్క ఉంది, బొమ్మలతో సహా."

"మా ఆవిడకి వంటింట్లో అదో సరదా," అని ఆంబ్రోస్ నవ్వాడు. తోడుగా ఇద్దరు ముగ్గురు నవ్వారు. డాక్టర్ నవ్వలేదు.

"సోమవారం మా ప్రకృతి పరిశీలకుల సంఘంలో అది చదువుతారా అమ్మా?"

"దానిదేముంది, నేనొచ్చి చదువుతాను," అన్నాడు ఆంబ్రోస్.

"నేనే వస్తాను," అంది లవీనియా.

అతిథులు వెళ్ళాక అత్తగారు గుర్తుచేసింది. "సోమవారం ఉతుకుల రోజు కదా అమ్మాయ్?"

"అవునండీ."

"ఐదో సర్గ ముద్రాపకుడికి మంగళవారం అందాలి. మరి ఎవరు ఎత్తిరాస్తారు?" అన్నాడు ఆంబ్రోస్.

"మీరే."

అత్తగారు తలెత్తి కోడలి వైపు చాలాసేపు చూసింది.

సోమవారం లవీనియా టోపీ పెట్టుకుని, కాగితాల కట్ట చంకన పెట్టుకుని కొండదారిన వెళ్ళిపోయింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆంబ్రోస్ పనిమనిషిని పిలిచి, ఇంట్లో సిరా ఎక్కడుంటుందని అడిగాడు.