తూఫాన్ ఎప్పుడూ గెలవాలి

"దిగాడు! ఓడ దిగాడు ప్రమో, నా చేతుల్లోనే ఉన్నాడు!" అని జెట్టీ నుంచి రాజ్‌కిరణ్ ఫోన్లో అరిచేసరికి, చేపముక్కలకు పట్టిస్తున్న ఉప్పూకారం కాస్తా ప్రమోద ఫోను నిండా అంటుకుంది. అంటుకుంటే అంటుకోనీ అనుకుంది. పెళ్ళయి ఇరవై రోజులు. ఈ ఇరవై రోజుల్లో ఆమెను మురిపించని వస్తువంటూ లేదు. తుష్నాబాద్‌లోని ఈ ఇంటి రేకుల మీద వాన చప్పుడు, మొగుడి బండి వెనక కూర్చుని ఊదుకుంటూ తినే సమోసా, ఒకే గ్లాసులో నిలబడ్డ రెండు టూత్‌బ్రష్షులు. ఇప్పుడు కుక్కపిల్ల! రెండు నెలల వయసు, గోధుమరంగు ఒళ్ళు, మసి పూసినట్టు నల్లటి మూతి. చెన్నై నుంచి మూడు రోజులు సముద్రం మీద ఈ దీవికి వచ్చింది. దానికి తూఫాన్ అని పేరు ముందే పెట్టేశాడు రాజ్‌కిరణ్.

ఇది కాపలా కుక్క కాదని, ఆట కుక్కని సాయంత్రం ఆమెకు వివరంగా చెప్పాడు. మైదానంలో ఒకడు చేతికి దళసరి తొడుగు వేసుకుని పరిగెడతాడట. యజమాని ఒక్క మాట అంటే కుక్క దూసుకెళ్ళి ఆ తొడుగు పట్టుకోవాలి, ఇంకో మాట అంటే వదిలేయాలి. రెండేళ్ళలో చెన్నై పోటీలకు తీసుకెళ్తానన్నాడు. అందుకు పునాది ఇప్పుడే పడాలి. పిల్ల తిండి అతని చేత్తోనే తినాలి, ఆట అతనితోనే ఆడాలి, ఆట అయిపోగానే బోనులోకి వెళ్ళిపోవాలి. బోను కడగడం, కింద కాగితాలు మార్చడం, చికెన్ ఉడకబెట్టి ఎముకలు ఏరడం మాత్రం ప్రమోద పని. "నువ్వు ముద్దు చేయొద్దు. మెత్తబడిపోతాడు" అన్నాడు. "మరి నన్ను ముద్దు చేస్తున్నారుగా?" అంది ఆమె నవ్వుతూ. "నువ్వు మెత్తబడాలి. వాడు మెత్తబడకూడదు" అన్నాడు రాజ్‌కిరణ్. ఆ మాట ఎంత బాగుందో అనుకుని, ఫోన్ చేసి అక్కకు కూడా చెప్పుకుంది.

మొదటి పాఠం గుడ్డ. నేల మీద గుడ్డను పాములా లాగితే పిల్ల వెంటపడి పట్టుకోవాలి. దానికి గోనెనారతో కుట్టిన పట్టీ చెన్నైలో ఆర్డరిచ్చాడు కానీ, సముద్రం బాగోలేక ఓడ ఆగిపోయింది. "అంతవరకూ పాత చీరేదైనా ఇవ్వు" అన్నాడు. కొత్త పెళ్ళికూతురి దగ్గర పాత చీర ఎక్కడిది? బీరువా నిండా మడత విప్పనివే. రెండుసార్లు కట్టిన చిలకాకుపచ్చ వాయిల్ చీర తీసి, ఉతికి ఇస్తానంది. "వద్దొద్దు, నీ వాసన ఉంటేనే మంచిది. తొందరగా పట్టుకుంటాడు."

ఆ గుడ్డ లాగుతూ గేటుదాకా పరిగెత్తే మనిషి కావాలి. ఆ మనిషి కూడా ప్రమోదే అయింది. జెట్టీలో అతని షిఫ్టు రెండు గంటలకు అయిపోతే, ఈ దీవుల్లో ఐదు దాటగానే చీకటి కనుక నాలుగున్నరకల్లా ఆట. ఆ పచ్చచీర చెంగు చేత్తో పట్టుకుని ఆమె పరిగెత్తేది. రాజ్‌కిరణ్ "పకడ్! పట్టుకో!" అని పిల్లను వదిలేవాడు. పిల్ల పళ్ళు దిగగానే ఆమె కింద పడిపోవాలి. గుడ్డ వదిలేయాలి. తూఫాన్ దాన్ని నోట కరుచుకుని విజయయాత్ర చేయాలి. "పిల్ల ఎప్పుడూ గెలవాలి ప్రమో. ఒక్కసారి ఓడిందా, జన్మంతా భయమే." మొదట్లో ఆమె పకపకా నవ్వుతూ పడేది. పక్కింటి పిట్టగోడ మీద పిల్లలు బారులు తీరి కూర్చుని ఈలలేసేవారు. మోచేయి చెక్కుకుపోయిన రోజు అత్తగారు అసిరమ్మ వక్క కొరుకుతూ, "ఆడి ఆట ఆడికి ముద్దు. రోజూ ఓపాలి పడితే నీకేటైపోద్దే?" అంది. నిజమే, ఏమైపోతుంది అనుకుంది ప్రమోద. పడ్డ మనిషి లేచి, మట్టి దులుపుకుని, బోను కడిగి, అన్నం వార్చింది.

గోల్ ఘర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఆమె లైబ్రరీ చూసేది. పెళ్ళికని నెల సెలవు పెట్టింది. ఆ నెల అయిపోతుంటే రాజ్‌కిరణ్ ఆమె గడ్డం పట్టుకుని, "ఇంకో నెల పెంచవా? పిల్లకు పదహారు వారాలదాకా నేర్చుకున్నదే నిలుస్తుందట. పరిగెత్తడానికి మనిషి లేకపోతే నా ఆట గోవిందా" అన్నాడు. పెంచింది. ఉద్యోగం మానేయమని అతను ఎప్పుడైనా అన్నాడా? అనలేదు. ఒక్కమాట అని ఉంటే ఆమె పదిమాటలు అనేది, డిగ్రీ చదివిన మనిషి, రంగత్ హాస్టల్లో వార్డెన్‌తోనే తగాదా పెట్టుకున్న మనిషి. అతను ఏమీ అనడు. నవ్వుతాడు, సమోసా తెస్తాడు. అందుకే తను ఎక్కడ నొచ్చుకుంటోందో ఆమెకే అంతుపట్టేది కాదు. బట్టలు ఆరేస్తుంటే తూఫాన్ బోనులోంచి తన కుచ్చిళ్ళనే చూస్తున్నట్టు అనిపించడం మొదలైంది. ఆమె ఏ గదిలోకి వెళ్తే ఆ నల్లమూతి అటు తిరిగేది. గేటు వైపు నాలుగడుగులు వేస్తే చాలు, దాని గొంతులో చిన్న ఉరుము. ఆమె చీర మానేసి పంజాబీ డ్రెస్ వేసుకుంటే, "అరే, చీరే కట్టు, నీకు బాగుంటుంది" అన్నాడు రాజ్‌కిరణ్.

రెండో నెల ముగిసిన సోమవారం ఆమె నీలం చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, ఆరున్నర బస్సుకు బయల్దేరింది. రాజ్‌కిరణ్‌కు ఆ రోజు సెలవు. అరుగు మీద టీ తాగుతున్నాడు. బోను తలుపు తీసే ఉంది.

గేటు గడియ మీద చెయ్యి వేసిందో లేదో, వెనక నుంచి గోళ్ళ చప్పుడు. కుచ్చిళ్ళు బిగిశాయి. ఈసారి చీరతోపాటు పిక్క కూడా దొరికింది. పాలపళ్ళు సూదుల్లా దిగాయి.

"పిలవండి వాణ్ణి!"

"కదలకు" అన్నాడు రాజ్‌కిరణ్, గ్లాసు కింద పెట్టకుండానే. "ఇప్పుడు నువ్వు విడిపించుకుంటే వాడు ఓడిపోయినట్టు. నిలబడు, ప్రమో. అంతే, అలాగే."

ఆమె నిలబడింది. బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. దాని చప్పుడు మలుపు తిరిగాక అతను లేచి, "శభాష్!" అన్నాడు. అన్నది కుక్కనో తననో ఆమెకు తెలియలేదు.

రోడ్డు మీద పాల క్యాను పట్టుకుని నూకయ్య ఇదంతా చూస్తున్నాడు. పోలీసు కుక్కలకు ముప్ఫై ఏళ్ళు నేర్పి రిటైరైన మనిషి. రాజ్‌కిరణ్ తూఫాన్‌ను ఎత్తుకుని లోపలికి వెళ్ళాక గేటు దగ్గరకు వచ్చాడు.

"ఆ పచ్చగుడ్డ ఎవరిదమ్మా?"

"నాదే బాబాయ్."

"ఇంట్లో మనిసి బట్టతో నేర్పకూడదు, బేటీ. ఇంట్లో మనిసిని పరిగెత్తించకూడదు. పిల్ల బట్టని కాదు, మనిసిని పట్టడం నేర్సుకుంటది. అదేటి తప్పు సేసింది పాపం? నేర్పిన పాఠమే అప్పజెప్పింది. గుడ్డా మనిసీ మారితే మెల్లిగా మర్సిపోద్ది." గొంతు తగ్గించాడు. "మొన్న మీవోడికీ ఇదే సెప్పినా. నవ్వి ఊరుకున్నాడు. ఆర్నెల్లు పోతే పాతిక కిలోలు తూగుద్దమ్మా. అప్పుడు ఆడు పిలిసినా ఒగ్గదు."

అసిరమ్మ కోడలి పిక్కకు పసుపు అద్దుతూ తల ఎత్తలేదు. "సూదేయించుకో" అంది. ఇంకో చిటికెడు పసుపు అద్ది, "నా కాలంలో కుక్కెందుకే? నన్నాపడానికి మీ మావ గొంతు సాలేది" అంది. అత్తగారు ఏడవలేదు. వార్తలు చదివినట్టు చెప్పింది.

ఆసుపత్రికి వెళ్ళడానికి పెళ్ళినాటి పెట్టెలోంచి సంచీ తీద్దామని మంచం కింద వంగితే, గోనెనార పట్టీ కనబడింది. పార్శిల్ కవరు విప్పి ఉంది. దాని మీద ముద్ర నెలరోజుల కిందటిది. ఓడ ఎప్పుడో వచ్చింది. పట్టీ ఎప్పుడో చేరింది. ఆ నెలంతా ఆమె రోజూ పడుతూనే ఉంది. ప్రమోద నేల మీదే కూర్చుండిపోయింది. కోపం రావాలి, రాలేదు. ఇన్నాళ్ళూ తను లెక్కపెట్టుకున్న ముచ్చట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిరిగి తనవైపు చూస్తున్నట్టు అనిపించింది. మెత్తబడాలన్న మాట. నీ వాసన ఉండాలన్న మాట. చీరే కట్టమన్న మాట. గడ్డం పట్టుకున్న ఆ చెయ్యి.

సూది వేయించుకుని వస్తుంటే స్కూలు ప్రిన్సిపాల్ ఫోన్. "కల్ ఆ జావో ప్రమోదా. నహీ తో దూస్‌రీ కో రఖ్‌నా పడేగా" అందావిడ. రేపు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటుంది.

నాలుగున్నరకు రాజ్‌కిరణ్ పెరట్లో నిలబడి పచ్చగుడ్డ ఊపాడు. "రా ప్రమో, చీకటి పడిపోతుంది." ఆమె అరుగు దిగలేదు. గోనెనార పట్టీ తెచ్చి అతని ముందు పెట్టింది. అతను దానివైపు చూశాడు, నవ్వాడు. "అరే, గుడ్డకి అలవాటు పడిపోయాడు కదా అని ఆగాను. నిన్ను ఎక్కడికైనా వెళ్ళొద్దన్నానా నేను?"

"లేదు. మీరు అనలేదు."

బోనులో తూఫాన్ లేచి నిలబడింది.

"రేపు ఆరున్నర బస్సుకు నేను డ్యూటీకి వెళ్తున్నాను" అంది ప్రమోద. "వాణ్ణి బోనులో పెడతారో, వదులుతారో మీ ఇష్టం. వదిలితే పట్టుకుంటాడు. నేను మాత్రం ఆగను, పడను. వాడు వేలాడుతున్నా నడుస్తూనే వెళ్ళి బస్సెక్కుతాను. బస్సులో అందరూ చూస్తారు. మళ్ళీ ఆసుపత్రికి వెళ్తే, ఎవరి కుక్క అని రాసుకుంటారు. ఇవాళ వీధికుక్క అని చెప్పాను. రేపు మీ పేరు చెప్తాను."