మరమేకుల దండు

మిల్లు మేడ మీద నుంచి మేస్త్రీ గుప్పెడు ఇత్తడి బిళ్లలు కిందికి విసిరాడు. గేటు బయట నిలబడ్డ జనం వాటి మీద పడ్డారు. బిళ్ల దొరికినవాడికి పని. మొన్నమొన్నటిదాకా పక్కపక్కన నిలబడి నూలు వడికినవాళ్లే బురదలో పొర్లారు, జుట్లు పట్టుకున్నారు, ఒకరి చెయ్యి ఒకరు కొరికారు. పైన యజమానీ, ఆయన వెంటబెట్టుకొచ్చిన కొనుగోలుదార్లూ కుర్చీలు వేసుకుని చూస్తున్నారు. ఒకాయన నవ్వాపుకోలేక చేతిలో గ్లాసు పక్కన పెట్టాడు.

ఆ పనేమిటో కూడా వినండి. మిల్లు విప్పే పని! బజార్లు పడిపోయాయి, నూలు కొనే నాథుడు లేడని యజమాని మిల్లు మూసేశాడు. మూసి ఊరుకున్నాడా? యంత్రాలన్నీ సముద్రం అవతలివాళ్లకు అమ్మేశాడు. అవి ఓడెక్కాయంటే, రేపు కాలం బాగుపడినా ఈ గేటు తెరుచుకోదు. తమ బతుకుల్ని తామే ఊడదీసి పెట్టెల్లో సర్దే పని కోసం ఆ జనం కొట్టుకు చచ్చారు. థూ!

నూనెక్కకు ఒక బిళ్ల దొరికింది. మరలకు నూనె పోసీ పోసీ అసలు పేరు పోగొట్టుకున్న మనిషి. ఆ బిళ్ల మీద అప్పటికే ముసలి వడుకుతాత చెయ్యి ఉంది. ఆమె మడమతో ఆ చెయ్యి తొక్కింది. వేళ్లు పటుక్కుమన్నాయి. ముసలాయన తిట్టలేదు.

"తీస్కోవే తల్లీ. కాలు మాత్రం తియ్యి" అన్నాడు.

బిళ్లలు విసిరిన మేస్త్రీ పరాయివాడు కాదు, నూనెక్క మరిదే. మొగుడు పోయాక ఆమె అత్తతోపాటు ఆ మరిది ఇంట్లోనే ఉంటోంది. "ఇంటి మనిషివని చేతికిస్తే నలుగురూ ఏమనుకుంటారు వదినా" అని ముందురోజే నీతులు వల్లించాడు. పదిమందిని బురదలో దొర్లించడానికి మాత్రం వాడికి ఏ నీతీ అడ్డురాలేదు.

లోపల కదుళ్లు ఊడదీస్తుంటే ఎవరి పళ్లు వాళ్లే పీక్కుంటున్నట్టుంది. మధ్యాహ్నం తిండి దగ్గర మాట మీద మాట లేచింది.

"పని మానేద్దాం" అన్నాడు బొంగురు గొంతు ఫిట్టరు.

"మానెయ్. గేటు బయట ఊరంతా ఉంది. రేపు మళ్లీ బిళ్లలు విసురుతారు" అంది దూది ఏరే ఆమె.

"అయితే తగలబెట్టేద్దాం."

"తగలబెట్టి? రేపు కాలం బాగుపడితే మీ అత్తారింట్లో వడుకుతావా?"

కొందరు నవ్వారు. నూనెక్క నవ్వలేదు. గిన్నె పక్కకు తోసేసింది.

"నా మీద నాకే రోతగా ఉంది. ముసలాయన వేళ్లు విరగ్గొట్టి మరీ వచ్చా. ఎందుకు? నా గొయ్యి నేను తవ్వుకోడానికి."

ఫిట్టరు అరచేతిలో ఓ మరమేకును దొర్లిస్తూ కూర్చున్నాడు. "ఇంత గింజ. ఇది లేకపోతే కదురు నిలబడదు. పాత కొలత, ఇప్పుడెక్కడా చెయ్యరు."

"మరి పెట్టెలోకి ఎందుకు పోతోంది అది?" అంది నూనెక్క.

ఫిట్టరు మరమేకును గుప్పిట్లో మూశాడు.

"గేటు దగ్గర బట్టలూడదీసి వెతుకుతున్నారు కదే!"

"మరుగుదొడ్ల దగ్గర వెతకట్లేదుగా" అంది నూనెక్క.

మిల్లు వెనక మరుగుదొడ్ల మురుగంతా గోడ కింది తూము గుండా బయటి కాలువలోకి పోతుంది. ఆ కంపుకు కాపలావాళ్లు అటువైపు తలకూడా తిప్పరు. తూములోంచి తాడు వేసి, మూట కడితే, బయటనుంచి లాగొచ్చు. లాగేవాళ్లు కావాలి. బయట ఉన్నదెవరు? వీళ్లు కొరికి, రక్కి, తోసేసినవాళ్లు.

ఆ సాయంత్రం నూనెక్క తాత ఇంటికి వెళ్లింది. ఆయన చేతికి గుడ్డ చుట్టి ఉంది. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"తొక్కినప్పుడు నేనెవరో తెలీలేదా?"

"తెలిసే తొక్కా తాతా."

తాత లేచి నిలబడ్డాడు. "నీకంటే ముందు నేను ఇంకొకణ్ణి తోసేసే ఆ బిళ్ల మీద చెయ్యేశాలే. తాడు లాగడానికి రెండో చెయ్యి ఉంది, పద."

మర్నాటి నుంచి మిల్లులో అందరికీ కడుపులు పాడయ్యాయి. చక్రం విప్పినవాడల్లా పొట్ట పట్టుకుని పరిగెత్తాడు. "ఏం మేశారే అంతా?" అని కాపలావాళ్లు ఎగతాళి చేశారు. గోడ అవతల తాత, ఆయనతో ఇంకొందరు నడుముల్లోతు మలంలో నిలబడి తాడు లాగారు. మరమేకులు, పళ్లచక్రాలు కడుక్కుని ఇంటింటా దాచారు. ప్రాణం పోయినా జాగా చెప్పకూడదనుకున్నారు, అడ్డమొచ్చినవాణ్ణి పానాతో కొట్టాలనుకున్నారు. తమ గుంపుకు దండు అని పేరు పెట్టుకున్నారు. సిద్ధాంతాలు తర్వాత నేర్చుకున్నారు, ముందు వాంతులు ఆపుకోవడం నేర్చుకున్నారు.

కొనుగోలుదార్లు ఒక యంత్రం బిగించి చూపమన్నారు. కదుళ్లు చేటలో గింజల్లా రాలిపడ్డాయి. యజమాని చిందులు తొక్కి పనివాళ్లందర్నీ గెంటేశాడు. ఆ రోజే ఇంట్లో నూనెక్క చీర మీది మురుగు వాసనకు మరిదికి గుట్టు తెలిసింది.

"ఎక్కడ దాచారో చెప్పు వదినా. నిన్నొక్కదాన్నీ తప్పిస్తా."

"నన్నొక్కదాన్నా?" అంది నూనెక్క. "అంత రోత పని నాతో చేయించకు."

వాడు తిన్నగా పోలీసుల దగ్గరికి పోయాడు.

ఆఖరి మూట ఇంకా తూములోనే ఇరుక్కుని ఉంది. మర్నాడు పట్టపగలే నూనెక్క, తాత, ఫిట్టరు, మరికొందరు కాలువలో దిగి దాన్ని లాగుతుండగా పోలీసులు వచ్చారు. వెనకే జనం. ఇనస్పెక్టరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"పైకి రండే లంజల్లారా!"

"మీరే దిగండి సార్" అంది నూనెక్క, పానా పైకెత్తి.

ఇనస్పెక్టరు కానిస్టేబుళ్లను చూశాడు. వాళ్లు తమ బూట్లను చూసుకున్నారు. అప్పుడాయన మేస్త్రీని ముందుకు తోశాడు. "నీ వదినేగా. దిగి లాక్కురా."

మేస్త్రీ బూట్లు విప్పి ఒద్దికగా పక్కన పెట్టాడు. పాంటు మోకాళ్ల పైకి మడిచాడు. ఒక్క పాదం మురుగులో పెట్టాడో లేదో భళ్లున కక్కేశాడు.

జనంలోంచి వాడి తల్లి ముందుకొచ్చింది. "ఆ యజమాని పారేసిన కూడు తిన్నన్నాళ్లూ రాని వాంతి ఇప్పుడొచ్చిందేంట్రా నీకు?"

చీర ఎగచెక్కుకుని దిగింది.

"మీరెందుకు అత్తయ్యా!"

"నోర్ముయ్యవే. తాడు ఇటివ్వు."

ఆమె వెనక దూది ఏరే ఆమె దిగింది. బురదలో ఒకరినొకరు కొరుక్కున్నవాళ్లు గట్టు మీద చెప్పులు వదిలేసి దిగారు. మూట ఊడి వచ్చింది. అది చేతులు మారి మారి ఎటు పోయిందో పోలీసుల్లో ఒక్కడూ కనిపెట్టలేకపోయాడు.

రెండోరోజు పోలీసులు రబ్బరు బూట్లు తొడుక్కుని, ఇళ్ల మీద పడ్డారు. నూనెక్కనూ ఫిట్టరునూ పట్టుకుపోయి అరికాళ్లు పగలగొట్టారు. తాత స్టేషన్లోనే చచ్చిపోయాడు. జాగా ఎవరూ చెప్పలేదు. ఓడ ఖాళీగా పోయింది. యంత్రాలు పెట్టెల్లో, పెట్టెలు మిల్లులో, ఇక్కడే ఉన్నాయి.

పక్క ఊళ్లో కూడా మిల్లు మూసేశారట. అక్కడి యజమానీ కొనేవాళ్లను వెంటబెట్టుకొచ్చాడట. గేటు దగ్గర జనం చేరారు గానీ, ఎవరూ పని అడగడం లేదట. తమ మిల్లు మురుగు ఎటు పోతుందని అడుగుతున్నారట.