కుడివైపు తిరిగిన ఎలుగుబంటి

దేశ రాజధాని శివారు వైశాలిలో ఒకే అచ్చులో పోసినట్టు వరసగా బిల్డింగులు కట్టినవాణ్ణి నాగభూషణం ఈ జన్మలో క్షమించడు. పాలప్యాకెట్టు కోసం దిగిన మనిషి, తిరిగొస్తూ పక్క బిల్డింగు నాలుగో అంతస్తు ఎక్కేశాడు. తెరిచి ఉన్న తలుపు తోసుకెళ్లి ఎవరిదో సోఫాలో దర్జాగా నడుం వాల్చాడు. ఆ ఇంటి పంజాబీ ఆవిడ పెట్టిన కేకకు కాలనీ అంతా పోగైంది.

"కేక కాదే అమ్మాయ్, మర్యాద! పరాఠాలు తింటేగానీ కదలనివ్వనంది" అని ఆయన వాదన.

కూతురు లీలావతి నమ్మలేదు. ఆ రోజు నుంచీ ఇనుప జాలీ తలుపుకు తాళం పడింది. తాళంచెవి ఆమె కుంచెల డబ్బాలో చేరింది.

ఆయనకిక మిగిలింది బాల్కనీ ఒక్కటే. చువ్వలు పట్టుకుని నిలబడి, వాటి తెల్లరంగును బొటనవేలి గోటితో గీకుతూ పొద్దు పుచ్చేవాడు. కింద వాచ్‌మన్ దశరథ్ "రామ్ రామ్ బాబూజీ!" అని చెయ్యూపితే, "నీకేంరా, గేటుకు అవతలున్నావు" అని తెలుగులోనే జవాబిచ్చేవాడు.

లీలావతి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. ఇప్పుడు చేతిలో ఉన్నది సర్కస్ ఎలుగుబంటి కథ. ఎలుగు ముద్దుగా ఉంది గానీ బోనులో ఉన్నట్టు లేదని సాకేత్‌లోని పబ్లిషరు బొమ్మలన్నీ తిప్పి పంపితే, వారం రోజులుగా మళ్లీ గీస్తోంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి కూలర్ ఆగిపోయింది. ఆరబెట్టిన బొమ్మల ముందు నాగభూషణం చతికిలబడ్డాడు.

"ఎలుగుల సంగతి నన్నడుగు. మా ఊళ్లో ఒకటి రోజూ నా దగ్గర చుట్ట ముట్టించుకుపోయేది. ఓనాడు నిప్పు లేదంటే..."

చూపు ఎదుటి బొమ్మ మీద పడింది. పొడికుంచెతో లాగిన బొచ్చు చెమటకు అతుక్కున్నట్టే ఉంది. చువ్వలు ఆమె గీయనే లేదు. రంగు తగలకుండా వదిలిన కాగితమే తెల్లటి చువ్వలైంది. ఒక చువ్వను ఎలుగు గోటితో గీకుతోంది. దాని పాదాల దగ్గర సన్నగా తెల్లటి పొట్టు.

నాగభూషణం తన బొటనవేలు చూసుకున్నాడు.

"వీడు ప్రతి బొమ్మలోనూ ఎడమవైపే చూస్తాడేమే?"

"పుస్తకంలో కుడివైపు తిరిగినవాడు పేజీ దాటి వెళ్లిపోతున్నట్టుంటుంది నాన్నా. వీడు వెళ్లలేడుగా."

"మరెప్పుడు తిరుగుతాడు?"

"ఆఖరి పేజీలో. ఆ ఒక్క బొమ్మే రావడం లేదు."

"ఎలా వస్తుందే? బోనులో ఉన్నవాణ్ణి రోజూ చూశావు, గీశావు. బయటికెళ్లేవాణ్ణి చూశావా?"

 లీలావతి కుంచెల డబ్బా బోర్లించి తాళంచెవి తీసింది. కుంచెలు తుడిచే ఎర్రగుడ్డను బాల్కనీ చువ్వకు గట్టిగా కట్టింది.

"ఇది కనిపించే బిల్డింగే మనది. మరీ దూరం పోకు నాన్నా."

గేటు దాటాక నాగభూషణం తలెత్తాడు. ఎర్రగుడ్డ పక్కనే, చువ్వల వెనక, ఒళ్లో కాగితం పెట్టుకుని లీలావతి. బోనులో ఇప్పుడున్నది తనేనని కూతురికి తట్టినట్టు లేదు.

"అమ్మాయ్! నీకు కుడి ఎటు?" అని అరిచాడు.

ఆమె పెన్సిలుతో చూపించింది. ఎలుగుబంటి అటే తిరిగి, చేతులు ఊపుకుంటూ నడిచింది.