పేపరు పెట్టినవాడి మనసు

గిన్నెలు తోముతూ చేసుకోదగిన బుర్ర పని ప్రపంచంలో ఒక్కటే ఉందని ఆమె నమ్మకం. తప్పు జవాబులు తయారుచేయడం. రైటు జవాబుకి పుస్తకం కావాలి, కూర్చోడానికి కుర్చీ కావాలి, కాసేపు ఎవరూ పిలవకుండా ఉండాలి. తప్పు జవాబుకి అవేవీ అక్కర్లేదు. మూకుడు అడుగున మాడిన మసి గీకుతూనే, అన్నిటికన్నా లోతైన సరస్సు ఏదన్న ప్రశ్నకి మూడు తప్పుడు సరస్సుల్ని వెతికి పెట్టొచ్చు. చెయ్యి తుడుచుకుని, ఫ్రిజ్ మీదున్న చీటీ అందుకుని, పెన్సిలుతో గబగబా గీకి, మళ్ళీ మూకుడు దగ్గరకి రావచ్చు. పద్నాలుగేళ్ళుగా ఆమె అలాగే చేస్తోంది. ఇప్పటికి ఎన్ని వేల తప్పులు తయారుచేసిందో ఆమెకే తెలియదు. అన్నీ నమ్మేలా ఉండే తప్పులే. చూడగానే తప్పని తెలిసిపోయేది రాస్తే సారు ఒప్పుకోడు.

సారంటే ఆమె భర్తే. ఇంటి ముందు రెండు గదుల్లో కోచింగ్ సెంటర్ నడుపుతాడు. ఉద్యోగాల పరీక్షలకి చదివే పిల్లలు పొద్దునో బ్యాచి, సాయంత్రమో బ్యాచి వస్తారు. వాళ్ళంతా సారూ సారూ అంటుంటే ఆమెకీ మనసులో ఆ మాటే అలవాటైపోయింది. ఆయన చెప్పేది లెక్కలు. తక్కిన సబ్జెక్టుల ప్రశ్నలన్నీ వంటింట్లోంచే వెళ్తాయి. ఏటా అచ్చేసే వెయ్యి ప్రశ్నల పుస్తకం అట్ట మీద ఆయన ఫొటో, ఆయన పేరు, ఆ కింద 'విశేష అనుభవం' అన్న ముక్కా ఉంటాయి. ఒకసారి లోపల ఎక్కడైనా నా పేరు కూడా వేస్తారా అని అడిగింది. "ఇంట్లో మనిషివి, నీకు వేరే పేరెందుకే?" అన్నాడాయన, చాలా ముద్దుగా. ఆ ముద్దులో చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

గోడ సన్నం. ఆమె కూరలు తరుగుతుంటే అవతల సారు కిటుకులు చెప్తుంటాడు. "ఎల్లప్పుడూ, ఎన్నటికీ, మాత్రమే అన్న మాటలున్న ఆప్షన్ని కళ్ళు మూసుకుని కొట్టేయండి. నాలిగింట్లో అన్నిటికన్నా పొడుగ్గా ఉన్నదాని మీద ఓ కన్నేసి ఉంచండి. మూడు చుట్లు తిరగండి. మొదటి చుట్టులో వచ్చినవి, రెండో చుట్టులో సగం వచ్చినవి, మూడో చుట్టులో దేవుడి మీద భారం వేసేవి." పిల్లలు నవ్వుతారు. పొడుగ్గా ఉన్నదే రైటన్న కిటుకు ఎక్కడ పుట్టిందో ఆమెకి తెలుసు. రైటు జవాబు రాసేటప్పుడు ఎక్కడా పొరపాటు దొర్లకూడదని ఆమె ఇంకో రెండు మాటలు కలిపి రాసేది. ఆ జాగ్రత్తని సారు కనిపెట్టి, పరీక్షల లోకానికంతా వర్తించే సూత్రం చేసేశాడు. అన్నిటికన్నా పెద్ద కిటుకు మాత్రం చివర్లో, గొంతు తగ్గించి చెప్తాడు. "ఏది రైటని ఆలోచించకండమ్మా. పేపరు పెట్టినవాడు ఏది రైటనుకుంటున్నాడో ఆలోచించండి. జవాబుల తాళం వాడి దగ్గరుంది."

ఈ ఒక్క కిటుకూ ఆమెకి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ ఇంట్లో అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు అడిగేవాళ్ళ దగ్గర ముందే ఉంటుంది. "కూరలో ఉప్పు ఎక్కువైందా, నా నాలుకే పాడైందా అమ్మాయ్?" అంటుంది అత్తగారు. రెండు ఆప్షన్లు ఇచ్చినట్టే ఉంటుంది. "పుట్టింటికి ఈ నెల వెళ్తావా, వచ్చే నెల వెళ్తావా? నీ ఇష్టం" అంటాడు సారు. ఆ 'నీ ఇష్టం' ఎంత సాగితే ఏ నెలో ఆమె చెప్పగలదు.

పటాల శాఖలో ఉద్యోగాలు పడ్డాయని చెప్పింది కూతురు, కాలేజీ నుంచి వస్తూనే. "అమ్మా, నువ్వు డిగ్రీలో జాగ్రఫీయే కదా! చూడు, పాత పటాల్ని సరిచూసి భద్రపరిచే పోస్టు. వయసు నలభై రెండు వరకూ ఉందట." ఆమెకి నలభై రెండు నిండడానికి నాలుగు నెలలుంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒక పెద్ద బల్ల, దాని మీద పరిచిన పటం, ఆ బల్లకి ఒక కుర్చీ, ఆ కుర్చీ తనది. ఇంతే ఆమె ఊహ. జీతం సంగతి కూడా ఆలోచించలేదు పిచ్చిది.

"రాయి, రాయి. పోయేదేముంది, ఒక ఆదివారం" అన్నాడు సారు. అత్తగారు మాత్రం "ఈ వయసులో పరీక్షలేంటో, చూస్తే నలుగురూ నవ్విపోతారు" అని గోడతో చెప్పింది. నాలుగు నెలలూ ఆమె ఎలా చదివిందో అడక్కండి. కుక్కరు కూతకీ కూతకీ మధ్య చదివింది. బట్టలు ఆరేస్తూ చదివింది. అత్తగారి కాళ్ళకి మందు రాస్తూ రాజ్యాంగం అప్పజెప్పుకుంది. సారు ప్రశ్నలు మాత్రం మాననివ్వలేదు. "నీకూ ప్రిపరేషనే కదా, ఓ దెబ్బకి రెండు పిట్టలు" అన్నాడు. పిట్టలు రెండూ ఆయనవేనని ఆమెకి అప్పుడే తెలుసు, అయినా రాసిచ్చింది.

పరీక్ష రోజు అందరికీ టిఫిను, మధ్యాహ్నానికి వంట, అత్తగారి మాత్రలు వేళ ప్రకారం మూడు పొట్లాలు, అన్నీ అమర్చి బయటపడేసరికి సగం ఓపిక ఇంట్లోనే అయిపోయింది. అయినా హాల్లో తన నంబరు అంటించిన బల్ల చూడగానే ప్రాణం లేచొచ్చింది. రెండు గంటలపాటు ఎవరూ పిలవరు. ఇన్విజిలేటరు మాట్లాడకండని గట్టిగా చెప్తుంటే ఆమెకి లేచి దణ్ణం పెట్టాలనిపించింది. మొదటి చుట్టు సాఫీగా జరిగింది. తప్పు జవాబులన్నీ ఆమెకి బంధువుల్లా కనిపించాయి. ఇదిగో ఇది నమ్మించడానికి పెట్టింది, ఇదిగో ఇది నాలుగో గడి నింపడానికి పెట్టింది. పెట్టినవాళ్ళ కష్టం కూడా తెలిసిపోతోంది.

అరవై మూడో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది. భూమి సూర్యుడికి అత్యంత దగ్గరగా వచ్చే నెల ఏది? సెప్టెంబర్, మే, జనవరి, నవంబర్. అవి తన నెలలు. ఆ వరస తనది. పై రెండు ప్రశ్నలూ కూడా తనవే, ఒకదాని వెనక ఒకటి, పుస్తకంలో ఉన్న క్రమంలోనే. పేపరు పెట్టినవాళ్ళెవరో సారు పుస్తకం తెరిచి, ఒక పేజీ ఎత్తి పెట్టేశారు.

రైటు జవాబు జనవరి. అందులో అనుమానం లేదు. ఆరేళ్ళ కిందట ఆమె జనవరి అనే రాసిచ్చింది. సారు ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి మే అని పెట్టాడు. "చలికాలంలో సూర్యుడు దగ్గరగా ఉంటాడా? కొంచెం బుర్ర వాడవే" అన్నాడు. భూమి ఒరిగి తిరుగుతుందనీ, ఎండా చలీ ఆ ఒరగడం వల్ల వస్తాయిగాని దూరం వల్ల కాదనీ ఆమె ఒక బంగాళాదుంప పట్టుకొచ్చి, బల్బు చుట్టూ తిప్పి చూపించింది. అప్పుడే వచ్చిన అత్తగారు "కూరలో వేయాల్సిన దుంపతో ఆటలేంటి?" అంది. సారు ఫక్కున నవ్వాడు. మే అచ్చయింది. ఆరు ముద్రణల్లోనూ మే అనే ఉంది.

పేజీ ఎత్తినవాడు జవాబు మాత్రం ఎత్తకుండా ఉంటాడా? తాళం వాడి దగ్గరుంది. వాడి తాళం మా ఆయన పుస్తకం. తప్పు పెడితే పావు మార్కు కోత. ఆమె బాల్‌పెన్ను జనవరి గుండ్రం మీద పెట్టింది. అక్కడ దిద్దితే ఎవరో నవ్వుతారనిపించింది. హాల్లో అందరూ తలలు వంచుకుని ఉన్నారు, నవ్వేవాళ్ళెవరూ లేరు. అయినా ఆ నవ్వు వినిపించింది. ఒక్క మార్కు కోసం పంతమెందుకు అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఇలా సర్దిచెప్పుకోవడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. పెన్ను ఒక గుండ్రం పక్కకి జరిపి, మే దగ్గర నల్లగా, అంచు దాటకుండా, చాలా శ్రద్ధగా దిద్దింది.

ఫలితాలు రెండు నెలలకి వచ్చాయి. అర మార్కు తక్కువైంది. ఉద్యోగం రాలేదు. వయసు దాటిపోయింది గనక ఇక రాయడానికీ లేదు. అసలు జవాబులూ, దిద్దిన పత్రం నకలూ కంప్యూటర్లో పెట్టారు. అరవై మూడో ప్రశ్నకి జవాబు జనవరి. పేజీ ఎత్తిన ఆ మహానుభావుడు జవాబుని మాత్రం సరిచూసుకున్నాడు. ప్రపంచంలో ఎవరో ఒకరు ఆమె రాసింది రైటేనని తేల్చారు. ఆ మాట తేలిన రోజున ఆమె పత్రంలో మే నల్లగా మెరుస్తోంది.

సారు కళ్ళజోడు పెట్టుకుని నకలు మొత్తం చూశాడు. "ఇదేంటి? ఈ ప్రశ్న నువ్వు తయారుచేసిందే కదా? నీ ప్రశ్నకి నువ్వే తప్పు పెట్టావా?" అని పకపకా నవ్వి, "అమ్మా, విన్నావా, నీ కోడలి ఘనకార్యం" అని లోపలికి కేకేశాడు.

"నేను జనవరి అనే రాసిచ్చానండీ. మీరు మే అని దిద్దారు."

"ఎప్పుడు?"

ఆయనకి నిజంగానే గుర్తులేదు. ఆమె పాత కాగితం తెచ్చి చూపించింది. ఎర్ర గీత ఇంకా ఎర్రగానే ఉంది. సారు ఒక్క క్షణం చూసి, కాగితం పక్కన పెట్టి, క్లాసులో మాట్లాడే గొంతుతో అన్నాడు. "మరి తెలిసినప్పుడు తెలిసిందే పెట్టాలి కదా. నీ మీద నీకే నమ్మకం లేకపోతే మధ్యలో నేనేం చేస్తాను?"

ఆయన అన్నది అబద్ధమైతే ఎంత బాగుండేది. ఏడుపు కూడా రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, కుర్చీ మీదున్న సారు తువ్వాలు తీసి మడతపెట్టింది.

"పోనీలే, జరిగిందేదో జరిగింది. కొత్త ముద్రణ ప్రూఫు వచ్చింది, అందులో జనవరి అని మార్చెయ్" అన్నాడు సారు. "పన్లోపని పాత కాగితాలు తీసి నేను దిద్దినవన్నీ ఇంకోసారి చూడు. మళ్ళీ ఎక్కడైనా ఇలాంటిది బయటపడితే సెంటర్ పరువు పోతుంది." సాయంత్రం బ్యాచి వచ్చే వేళైందని లేచి వెళ్ళిపోయాడు.

ఆమె వంటింటి గట్టు మీద కాగితాలు పరుచుకుంది. మే కొట్టేసి జనవరి రాయడానికి నిమిషం కూడా పట్టలేదు. తర్వాత ఎర్ర గీతలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. కొన్నిచోట్ల ఆయనదే రైటు, కొన్నిచోట్ల తనది. పదో కాగితంలో ఒక చిన్న ప్రశ్న. పౌర్ణమి చంద్రుడు ఏ వేళకి ఉదయిస్తాడు? సూర్యాస్తమయానికి అని తన పెన్సిలు రాత. దాని మీద ఎర్ర గీత, పక్కన అర్ధరాత్రికి అని ఆయన రాత. ఆమె రెంటినీ చూసింది. ఇది తనకి తెలిసిందే. చదువుకునే రోజుల్లో తోటి పిల్లలకి తనే చెప్పిన పాఠం. తెలిసిందే, కాని ఎంతసేపు చూసినా ఏది రైటో తేలడం లేదు. ఎర్ర అక్షరాలు స్థిరంగా ఉన్నాయి. తన అక్షరాలు సన్నగా, వంకరగా, ఎవరో చిన్నపిల్ల తెలియక రాసినట్టున్నాయి.

అప్పుడు భయం వేసింది. ఉద్యోగం రానందుకు వేయని భయం.

"ఏమైనా డౌటుంటే అడుగు" అని గోడ అవతల నుంచి సారు కేకేశాడు.

నోరు దానంతటదే తెరుచుకుంది. ఏమండీ అన్న మాట పెదాల దాకా వచ్చేసింది. ఆమె చేత్తో నోరు నొక్కుకుంది. పెరటి తలుపు తీసుకుని, సాయంత్రం కూరకి దుంపలు ఉడుకుతున్న పొయ్యి కట్టేయకుండానే, ఇవాళ ఏ తిథో కూడా తెలియకుండానే బయటికి వచ్చి, ఆకాశంకేసి చూస్తూ నిలబడింది. చంద్రుడు కనిపించలేదు. పౌర్ణమికి ఇంకా ఎన్ని రోజులుందో తెలియదు. అయినా ఆయన్ని అడగదు. చూసే తెలుసుకుంటుంది.