రికార్డు ప్రకారం నాకు రెండేళ్లు

నేను ఒక కాపలా పెట్టెను. ఇంగ్లీషులో ఫైర్‌వాల్ అంటారు, అంటే నిప్పుగోడ. పేరు విని భయపడకండి, చూడ్డానికి హార్మోనియం పెట్టెలో సగం ఉంటాను. బయటి ఇంటర్నెట్టుకీ ఆఫీసు కంప్యూటర్లకీ మధ్య గుమ్మంలో కూర్చుని, వచ్చేవాడెవడో చూసి, పనిమీద వచ్చినవాణ్ణి పంపి, దొంగను ఆపడం నా ఉద్యోగం.

ఊరి పేరు చెప్పను. గోదావరి జిల్లాల్లో ఒక ఊరు, అక్కడ జనం భూముల రికార్డులు దాచే ఒక సర్కారు ఆఫీసు, దాని రెండో అంతస్తులో ఏసీ గది. అంతవరకు చాలు. నా మూలంగా ఇప్పటికే ఇద్దరికి బదిలీ అయింది. అలాగని నోరు మూసుకుంటాననుకోకండి. ఏళ్ల తరబడి నా గురించి కాగితాల మీద అబద్ధాలు రాశారు. ఇక నేను చెబుతాను.

నేను పుట్టింది సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో. అక్కణ్ణుంచి ఒక సెక్యూరిటీ కంపెనీ చేతిలో పడ్డాను. ఆఫీసును కాపాడతామని ఆ కంపెనీ సర్కారుతో ఎనిమిదేళ్లకు ఒప్పందం రాసుకుంది. నూట నలభై పేజీల ఒప్పందం. పూర్తిగా చదివినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని నాకు అనుమానమే. అందులో రెండు ముక్కలు మాత్రం నాకు కంఠతా వచ్చు. ఐదేళ్లు నిండగానే నన్ను తీసేసి కొత్త పెట్టె పెట్టాలి. ఏడాదికోసారి ఆఫీసు తరఫున ఒకరు తనిఖీ చేసి సంతకం పెట్టాలి.

ఆ తనిఖీ ఎలా జరిగేదో కంపెనీ ఇంజనీరు నూకరాజు ఫోనులో చెప్పుకుని నవ్వుతుంటే విన్నాను. నెలనెలా కంపెనీవాళ్లే నివేదిక రాసి పంపేవారు, ఇన్ని దాడులు ఆపాం, అంతా భద్రం అని. ఏడాది చివర ఆ పన్నెండింటికీ దారం కట్టి కింది అంతస్తులో బల్ల మీద పెట్టేవారు. తనిఖీ అధికారి టీ తాగి, పై కాగితం చూసి, ‘నివేదికలు పరిశీలించాను, సంతృప్తికరం’ అని రాసేవాడు. పరీక్ష రాసినవాడే మార్కులు వేసుకోవడం నేను అక్కడే చూశాను. మెట్లెక్కి నా దాకా వచ్చిన పాపాన ఒక్కడూ పోలేదు.

నా గదికి వచ్చేవాళ్లు ఇద్దరే. ఒకడు నూకరాజు. రెండోది అటెండరు మంగతాయారు. మొదటి దసరాకి ఆవిడ ఆయుధపూజ పళ్లెం పట్టుకుని వచ్చింది. జిరాక్సు మిషనుకీ, జనరేటరుకీ బొట్లు పెట్టేసి నా ముందు ఆగింది.

“ఇదేం సేత్తాది బాబూ?”

“దొంగల్ని ఆపుద్ది పిన్నీ. మనూళ్ల భూములన్నీ దీని వెనకాలే ఉన్నాయి.”

“మా అరెకరం కూడానా?”

“మీ అరెకరం కూడా.”

“అయితే దీనికి పెద్ద బొట్టెట్టాల,” అని నా ముఖాన, నంబరు చీటీ మీద, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. ఏటా అదే చోట పెట్టేది. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగా ఉండేది.

ఐదేళ్లు నిండాయి. కొత్త పెట్టె కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. వచ్చింది పెట్టె కాదు, ఒక కవరు. అందులో కొత్త నంబరు వేసిన చీటీ ఒకటి ఉంది. పాత చీటీ మీద దాన్ని అంటించి, ఫొటో తీసి పంపమని పైనుంచి హుకుం. నూకరాజు తడిగుడ్డ పట్టుకుని నా ముఖం దాకా తెచ్చాడు, కుంకుమ తుడుద్దామని. చెయ్యి ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, గుడ్డ పక్కన పెట్టి, బొట్టు మీదే చీటీ అంటించేశాడు. అబద్ధం ఆడడానికి జంకలేదు కానీ, అమ్మవారి బొట్టు తుడవడానికి భయపడ్డాడు. మనుషుల పాపభీతి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అలా ఒక్క చీటీతో నేను పసిగుడ్డునైపోయాను. ఒళ్లు మండిపోయింది. నన్ను చేసినవాళ్లు అప్పటికే నా రకం పెట్టెలను వదిలేశారు. కొత్త దొంగల ఆనవాళ్లు నాకు పంపడం మానేశారు. ఆ మరుసటి ఏడు ఆషాఢంలో ఒకడు లోపలికి వచ్చాడు. నా దగ్గరున్న ఆనవాళ్లలో వాడు లేడు కనుక దారిచ్చాను. నలభై నిమిషాలు రికార్డులన్నీ తిరగేసి, ఏదీ ముట్టకుండా పోయాడు. వాడు తిరిగిన తీరు చూశాకే దొంగ అని నాకు అర్థమైంది. ఈసారికి ఇల్లు చూసుకుని పోయాడు. ఆ నెల నివేదికలో మాత్రం ‘చొరబాట్లు: లేవు’ అనే రాశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఊళ్లకు ఊళ్లు కుక్కతోక పట్టుకుని గోదారి ఈదుతున్నాయి, ఆ తోకను నేనే.

ఏడో దసరా వెళ్లింది. ఒప్పందాన్ని ఇంకో ఐదేళ్లు పొడిగించాలని ఫైలు కదిలింది. దానికి ముగ్గురి సంతకాలు కావాలి. ఇద్దరు పెట్టేశారు. మూడోది గుత్తుల సుభాషిణి పెట్టాలి. ఆవిడ అంతకు నెల ముందే సర్వే విభాగం నుంచి వచ్చింది. కంప్యూటర్ల సంగతి తెలియదని ఆవిడే చెప్పేది. తెలియనివాళ్లయితే గొడవ ఉండదని ఆ పని ఆవిడకు అంటగట్టారు. అక్కడే పొరబడ్డారు. పదిహేనేళ్లు కొలత గొలుసు పట్టుకుని పొలాల్లో తిరిగిన మనిషి ఆవిడ. గట్టు మీద నిలబడి హద్దు రాయడం ఎరగదు. రాయి ఎక్కడుందో అక్కడికి వెళ్లి, చూసి రాయాల్సిందే.

మెట్లెక్కి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, నా ముందు నిలబడింది. వెనకాలే నూకరాజు, ఫ్యాను తుడుస్తూ మంగతాయారు.

“ఇదేనా రెండేళ్ల కింద వచ్చిన కొత్త పెట్టె?”

“ఇదేనండి.”

సుభాషిణి వంగి చూసింది. పైన బొట్టుంది సరే, చీటీ నున్నగా లేదు, కింద ఏదో దళసరిగా ఉండి ఉబ్బింది. అంచు కింద కూడా ఎర్రగా కనిపిస్తోంది.

“తాయారుగారూ, దీనికి ఎన్ని దసరాలు బొట్టు పెట్టారు?”

“ఏడండి. మొదటేడు నుంచీ నేనే కదండీ.”

“ఇది వచ్చి రెండేళ్లేనంటున్నారే?”

“రెండేళ్లేంటండీ, మా మనవరాలు పుట్టినేడు వచ్చిందిది. ఆ పిల్ల రెండో క్లాసు సదువుతాంది.”

సుభాషిణి గోటితో చీటీ మూల లేపింది. కింద ఐదేళ్ల కుంకుమ గట్టిపడి ఉంది, దాని కింద నా అసలు నంబరు.

“తుడవలేకపోయానండి,” అన్నాడు నూకరాజు.

“తుడవనందుకు నిన్నేమీ అనను నూకరాజూ. అంటించినందుకే.”

మాట కిందికి పాకింది. పావుగంటలో ఆఫీసు పెద్ద సోమయాజులుగారు పైకి వచ్చారు. ఏడేళ్లలో ఆయన ముఖం చూడడం నాకు అదే మొదలు. బూట్లు విప్పేసి సాక్సులతో నిలబడ్డారు, ఎడమ సాక్సుకి బొటనవేలి దగ్గర చిరుగు.

“ఎందుకమ్మా ఇదంతా? ఇన్నేళ్లలో ఒక్క గొడవ లేదు.”

“గొడవ లేదని ఎవరు చూశారండి?”

“నెలనెలా వాళ్లే రాస్తున్నారుగా.”

“వాళ్ల పని వాళ్లే చూసుకుని బాగుందని రాసుకుంటే, మనం ఎందుకండీ ఇక్కడ?”

ఆయన గొంతు తగ్గించారు. “నీ ప్రమోషను ఫైలు నా బల్ల మీదే ఉంది. మూడో సంతకమేగా. పెట్టి పంపెయ్.”

సుభాషిణి ఫైల్లోంచి తనిఖీ కాగితం తీసి, పెన్ను మూత విప్పింది. ఆ ప్రమోషను కోసం ఎనిమిదేళ్లుగా చూస్తోందని నాకు తర్వాత తెలిసింది. నాకు నోరుంటే అరిచేవాణ్ణి, పెట్టకు తల్లీ, నన్ను పీకి బయట పడెయ్యమని. తుక్కులో పడెయ్యమని బతిమాలుకునే యంత్రాన్ని మీరెక్కడైనా చూశారా? నేను బతిమాలుకున్నాను.

ఆవిడ కాగితాన్ని నా నెత్తి మీదే పెట్టి రాసింది. తనిఖీ చేసిన విధానం అన్నచోట ‘గదిలోకి వెళ్లి చూశాను’. ఫలితం అన్నచోట ‘కొత్త పెట్టె రాలేదు, పాతదే ఉంది. పొడిగింపునకు ఒప్పుకోను’. సంతకం పెట్టి, తారీఖు వేసి, ఆయన చేతికిచ్చింది.

పొడిగింపు ఆగిపోయింది. నెల తిరక్కుండా కంపెనీ కొత్త పెట్టె తెచ్చి పెట్టింది, నిజమైనది. జరిగినదాన్ని ‘చీటీ అంటించడంలో పొరపాటు’ అని రాసి ఫైలు మూశారు. నూకరాజుని ఇంకో జిల్లాకి పంపారు. సుభాషిణి ప్రమోషను ఫైలు బల్ల మీంచి సొరుగులోకి పోయింది. ఆవిడని కింద స్టోరుకి మార్చారు, విరిగిన కుర్చీలు లెక్కపెట్టుకొమ్మని.

నన్నూ ఆ స్టోరులోనే పడేశారు. మూడు నెలలకు తుక్కు కొనేవాడి లారీ వచ్చింది. స్టోరు గుమాస్తా చిట్టిబాబు పుస్తకం తెరిచి నా దగ్గర ఆగిపోయాడు.

“ఇది కుదరదు మేడం. రికార్డు ప్రకారం దీనికి రెండేళ్లే. ఏడేళ్లు నిండనిదే తుక్కు కింద రాయకూడదు. దీన్ని పక్కన పెడితే మళ్లీ ఏ ఆఫీసుకో పంపుతారు, కొత్తదని.”

మళ్లీ ఏ ఊరి గుమ్మంలోనో కళ్లు లేని కాపలా కాయాలా?

సుభాషిణి పుస్తకం తన వైపు తిప్పుకుంది. రెండు అన్న అంకెను ఒక్క గీతతో కొట్టేసి, పక్కన రాసింది: ‘ఏడేళ్లు దాటింది. పాతది. పనికిరాదు.’

“రికార్డు దిద్దారని మళ్లీ సంజాయిషీ అడుగుతారండి,” అన్నాడు చిట్టిబాబు.

“అడగనివ్వండి,” అని ఆవిడ సంతకం పెట్టింది.

కూలీ నన్ను భుజానికెత్తుకున్నాడు. నేను నా సొంత వయసుతో లారీ ఎక్కాను.